తగ్గిన రూపాయి పేరేమిటి?



చిన్నప్పుడు మా అమ్మ నన్ను కిరాణా కొట్టుకి పంపేది. చేతిలో యాభై రూపాయల నోటు. నోట్లో నాలుగు సరుకుల పేర్లు. కందిపప్పు, చింతపండు, నూనె, బట్టల సబ్బు. మర్చిపోకుండా దారి పొడుగునా వల్లెవేసుకుంటూ వెళ్లేవాణ్ణి. ఇంటికి రాగానే అమ్మ సంచి చూసేది కాదు. ముందు చిల్లర లెక్కపెట్టేది. పప్పుకింత, నూనెకింత అని వేళ్ల మీద కూడేది. ఒక్క రూపాయి తక్కువైతే, "ఈ రూపాయి దేనికైందిరా?" అని అడిగేది. కోప్పడేది కాదు. "పిప్పరమెంట్లు కొనుక్కున్నానమ్మా" అంటే సరేననేది. "ఏమో, తెలీదు" అన్నానా, ఎండలో మళ్లీ కొట్టుకి నడవాల్సిందే.

అమ్మ అడిగిన ఆ ప్రశ్న గురించే ఇవాళ మాట్లాడతాను. ఆ ప్రశ్న అడగాల్సింది ఇంట్లో మాత్రమే కాదు. సర్కారు ఆఫీసుల్లో కాంట్రాక్టరు కింద పనిచేసే వాళ్ల జీతాల దగ్గర కూడా అడగాలి.

మీరు రోజూ చూసేవాళ్లే. పెద్దాసుపత్రిలో నేల తుడిచే ఆమె. కలెక్టరేట్ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ అతను. తెల్లారకముందే వీధిలోకొచ్చే చెత్త బండి డ్రైవరు. కంప్యూటరు ముందు కూర్చునే డేటా ఎంట్రీ ఆపరేటరు. పని సర్కారుది. జీతం మాత్రం ఏజెన్సీ ఇస్తుంది. ఆఫీసు ఏజెన్సీకి ఇస్తుంది, ఏజెన్సీ మనిషికి ఇస్తుంది. ఆఫీసులో బయల్దేరిన డబ్బు మనిషి చేతికి చేరేసరికి తగ్గుతుంది. తగ్గడం తప్పు కాదు. తగ్గిన ప్రతి రూపాయికీ ఒక పేరుండాలి. ఆ రూపాయి ఎక్కడికెళ్లిందో ఒక చిరునామా ఉండాలి. పేరు, చిరునామా. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి.

ఒక లెక్క చెప్తాను. కాగితం, పెన్ను అక్కర్లేదు. రెండే అంకెలు గుర్తుంటే చాలు.

నెల జీతం 15 వేలు అనుకుందాం. ఉదాహరణకి మాత్రమే. మీ పనికి కనీస వేతనం ఎంతన్నది మీ రాష్ట్రం, మీ పని బట్టి ఉంటుంది. ఈ 15 వేలల్లో పీఎఫ్ కింద 12 శాతం, అంటే 1,800 రూపాయలు కోస్తారు. ఈఎస్ఐ కింద ముప్పావు శాతం, అంటే 113 రూపాయలు. 15 వేల వరకు ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ వృత్తి పన్ను లేదు. కాబట్టి ఆ మనిషి చేతికొచ్చేది 13 వేల 87 రూపాయలు. ఇది మొదటి అంకె. 13 వేలు.

ఇప్పుడు కాంట్రాక్టరు వైపు నుంచి చూద్దాం. 15 వేలు ఇవ్వాలి. దాని మీద తన వంతు పీఎఫ్ మరో 1,800 కట్టాలి. పీఎఫ్‌తో పాటు బీమాకి 75, నిర్వహణ చార్జీలకి 75. ఈఎస్ఐలో తన వంతు మూడుంపావు శాతం, 488 రూపాయలు. ఏడాదికోసారి ఇచ్చే బోనస్ 8.33 శాతం. నెలకి పంచితే 1,250. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టాల్సింది నెలకి సుమారు 721. మొత్తం కూడితే 19 వేల 409 రూపాయలు. ఇది రెండో అంకె. 19 వేలు.

తన లాభం, జీఎస్టీ ఇంకా కలపలేదు. మనిషి చేతికి 13. కాంట్రాక్టరు లెక్కలో 19. మధ్యలో తేడా 6 వేల 300 పైచిలుకు.

గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. ఆఫీసులో ఎవరో చెప్తారు, "నీ పేరు మీద 19 వేలు బిల్లు పెడుతున్నారయ్యా" అని. ఇతనికి మండిపోతుంది. ఆరు వేలు కాంట్రాక్టరు మింగేశాడని టీ కొట్టు దగ్గర తిట్టుకుంటాడు. నిజాయితీగా కట్టే కాంట్రాక్టరైతే ఆ తిట్లు పాపం ఊరికే తింటున్నట్టే. ఎందుకంటే ఆ ఆరు వేలల్లో ప్రతి రూపాయికీ పేరుంది. ఆ 75 రూపాయల బీమానే తీసుకోండి. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే, కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల దాకా రావడానికి ఆధారం ఆ 75 రూపాయలే. చాలా ఇళ్లల్లో ఆ సంగతే తెలీదు. నామినీ పేరు కూడా ఎక్కించుకోరు.

మరి పేరులేని రూపాయి ఎలా ఉంటుంది? దాని గురించి నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేనే రాశాను.

చదువైన కొత్తలో ఒక ఏజెన్సీలో జీతాల లెక్కలు రాసేవాణ్ణి. నలభై మంది స్వీపర్లు. జీతం చీటీలో పీఎఫ్ ఒక గడి, ఈఎస్ఐ ఒక గడి. చివర ఇంకో గడి ఉండేది. దాని పేరు "ఇతరములు". అందులో 300 రాయమన్నారు, రాశాను. ఎందుకని నేను అడగలేదు. ఒకరోజు ఒకామె చీటీ పట్టుకుని వచ్చింది. ఆమెకి చదువు రాదు. ఏడో తరగతి చదివే కూతురు చదివి పెట్టిందట. నా బల్ల ముందు నిలబడి అడిగింది, "బాబూ, ఈ ఇతరములు అంటే ఎవరయ్యా? నెలనెలా నా దగ్గర మూడొందలు తీసుకుంటున్నారు" అని.

నా దగ్గర సమాధానం లేదు. మా యజమానిని అడిగితే, "యూనిఫాం అని చెప్పు" అన్నారు. యూనిఫాం ఇచ్చి రెండేళ్లయింది. మర్నెల నుంచి ఆ గడి పేరు మార్చారు. "ఇతరములు" పోయి "యూనిఫాం" వచ్చింది. పేరైతే వచ్చింది. కొత్త చీర మాత్రం రాలేదు. నలభై మంది, నెలకి మూడొందలు, ఏడాదికి లక్షా 44 వేలు. ఆ అంకె ఆ రోజు కూడి చూసుకోలేదు. చాలా ఏళ్ల తర్వాత కూడి చూశాను.

అందుకే అంటున్నాను, పేరొక్కటే చాలదు. చిరునామా కూడా ఉండాలి. పీఎఫ్ అని కోస్తే అది పీఎఫ్ ఖాతాలో కనపడాలి. యూనిఫాం అని కోస్తే ఒంటి మీద కనపడాలి. చట్టం ఒప్పుకున్న కోతలే కొయ్యాలి. అన్నీ కలిపినా జీతంలో సగం దాటకూడదు.

రూపాయి అనగానే నాకు ఢిల్లీ గుర్తొస్తుంది. 1982 నవంబరులో అక్కడ ఆసియా క్రీడలు జరిగాయి. అంతకు ముందు స్టేడియాలు, ఫ్లైఓవర్లు, హోటళ్లు హడావుడిగా కట్టారు. పనులు సర్కారు సంస్థలవి. కట్టింది కాంట్రాక్టర్లు. రాజస్థాన్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, ఒరిస్సా నుంచి కూలీలు వచ్చారు. వాళ్లని తెచ్చింది జమేదార్లు. మన భాషలో మేస్త్రీలనుకోండి. అప్పటి కనీస కూలి రోజుకి 9 రూపాయల పావలా. కాంట్రాక్టరు ఆ డబ్బు జమేదారుకి ఇచ్చేవాడు. జమేదారు ఒక రూపాయి తీసుకుని, కూలీకి 8 రూపాయల పావలా ఇచ్చేవాడు.

ఒక్క రూపాయి. దాని పేరు కమీషన్. చిరునామా జమేదారు జేబు.

ప్రజాస్వామ్య హక్కుల సంఘం వాళ్లు సుప్రీంకోర్టు జడ్జి భగవతి గారికి ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. సర్కారు వాదన ఏమిటో తెలుసా? "వాళ్లు మా పనివాళ్లు కారు, కాంట్రాక్టర్ల పనివాళ్లు. ఏదైనా ఉంటే వాళ్లనే అడగండి" అని. 1982 సెప్టెంబరు 18న తీర్పొచ్చింది. అలా చేతులు దులుపుకోవడం కుదరదు అంది కోర్టు. పని మీది, బాధ్యత కూడా మీదే అంది. ఇంకో మాట కూడా అంది. కనీస కూలి కంటే తక్కువిచ్చి చేయించుకుంటే అది వెట్టిచాకిరీయే అంది. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఈ తీర్పులో చిక్కుముడి ఏమీ లేదు. మీరు ఇల్లు కట్టించుకున్నారనుకోండి. డబ్బంతా మేస్త్రీకి ఇచ్చేశారు. మేస్త్రీ కూలీలకి ఇవ్వకుండా వెళ్లిపోయాడు. శనివారం సాయంత్రం కూలీలు ఎవరి గుమ్మం ముందు నిలబడతారు? మీ గుమ్మం ముందే. "నేను మేస్త్రీకి ఇచ్చేశాను" అని తలుపేసుకుంటే ఊళ్లో నలుగురూ ఊరుకుంటారా? గోడ మీది, నీడ మీది. కూలి డబ్బు మాత్రం మీది కాదంటే ఎలా?

చట్టం కూడా అంతే. సర్కారు ఆఫీసుని ప్రధాన యజమాని అంటారు. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోయినా, తక్కువిచ్చినా ప్రధాన యజమాని ఇవ్వాలి. తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ఇదే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు కూడా ఇదే చెబుతున్నాయి. ఒక తేడా ఉంది. పాత కేంద్ర చట్టం ప్రకారం ఇరవై మంది కాంట్రాక్టు కార్మికులు ఉంటేనే అది వర్తించేది. కొత్తదాంట్లో ఆ అంకె యాభై అయింది. నాకిది నచ్చలేదు. చిన్న ఆఫీసులో ఇరవై మంది, ముప్పై మంది పనిచేసే చోటే కదా అడిగే నాథుడు ఉండడు! అయితే జీతాల కోడ్‌కి ఈ అంకెతో పని లేదు. ఎంతమంది ఉన్నా సరే, నెల జీతం మర్నెల ఏడో తారీకులోగా ఇవ్వాలి. జీతం చీటీ ఇవ్వాలి. పని మానేసినా, మాన్పించినా రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి. రాని జీతం కోసం మూడేళ్ల దాకా ఫిర్యాదు చేసుకోవచ్చు.

కాంట్రాక్టర్లు కూడా ఈ ప్రసంగం వింటూ ఉంటారు. నా వృత్తే వాళ్ల లెక్కలు రాయడం కాబట్టి నాలుగు మాటలు మీతో. టెండరు వేసేటప్పుడు అందరి కళ్లూ ఎల్ వన్ మీదే. ఎవరి రేటు తక్కువైతే వాళ్లకే పని. దేనిలో తగ్గిస్తారు? చీపురు ధర మీరు తగ్గించలేరు. జీఎస్టీ తగ్గించలేరు. పీఎఫ్ శాతం తగ్గించలేరు. ఇక మిగిలింది మీ సర్వీస్ చార్జీ. దాన్ని సున్నా దాకా తెచ్చి టెండరు వేసేవాళ్లున్నారు. లాభం లేకుండా ఎవరూ వ్యాపారం చెయ్యరు. పై లెక్కలో లేని లాభం కింది లెక్కలో ఎక్కడో ఉంటుంది. ఆ కింది లెక్క పేరే "ఇతరములు".

అమెరికాలో కూడా ఈ జబ్బు వచ్చింది. సర్కారు కట్టడాల టెండర్లలో బయటి ఊళ్ల నుంచి చౌకగా మనుషుల్ని తెచ్చి, స్థానిక కాంట్రాక్టర్ల కంటే తక్కువకి వేసేవాళ్లు. 1931లో డేవిస్-బేకన్ అని ఒక చట్టం చేశారు. ఆ ఊళ్లో ఆ పనికి నడుస్తున్న కూలి కంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదన్నారు. అంటే ఏమన్నట్టు? పోటీ పడండి, కానీ మీ పనితనంలో పడండి. పనివాడి కంచంలో కాదు.

ఇంకో చోట కూడా లెక్క తప్పుతారు. సెక్యూరిటీ టెండరే తీసుకోండి. ఒక గేటు దగ్గర రాత్రింబవళ్లు మనిషి ఉండాలి. రోజుకి మూడు షిఫ్టులు. ముగ్గురు చాలనుకుంటాం. చాలరు! వారానికి ఇరవయ్యొక్క షిఫ్టులు. ఒక మనిషి వారానికి ఆరు రోజులే పనిచేస్తాడు. ఇరవయ్యొకటిని ఆరుతో భాగించండి. మూడున్నర. ఒక గేటుకి మూడున్నర మంది కావాలి. ముగ్గురితోనే టెండరు వేశారంటే ఆ అర మనిషి పని ఎవరు చేస్తున్నట్టు? ఆ ముగ్గురే. వారానికి ఒక్క రోజు కూడా ఇంట్లో ఉండకుండా. వాళ్ల ఆదివారం మీ టెండరులో కలిసిపోయింది.

ఏప్రిల్లో, అక్టోబరులో కరువు భత్యం మారుతుంది. అది కూడా ముందే ఊహించి వేసుకోండి. బిల్లు మూడు నెలలు ఆలస్యమవుతుందని నాకు తెలుసు. ట్రెజరీ చుట్టూ తిరిగే చెప్పులు మీవే. ఆ కష్టం అబద్ధం కాదు. కానీ ఏడో తారీకుకీ మీ బిల్లుకీ చట్టం ముడి పెట్టలేదు. బిల్లు వచ్చాక ఇస్తాననడం కుదరదు. రెండు మూడు నెలల జీతాలకి సరిపడా డబ్బు చేతిలో ఉంటేనే టెండరు వెయ్యండి. లేకపోతే ఆ టెండరుకి అప్పిచ్చేది బ్యాంకు కాదు, మీ స్వీపర్లు. వడ్డీ లేకుండా.

ఈ మధ్యవర్తుల బాధ పడలేకే 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కాస్ అని సర్కారే ఒక సంస్థ ప్రారంభించింది. ఏజెన్సీలు లేకుండా నేరుగా జీతాలివ్వడానికి. సంస్థ ఏదైనా అమ్మ అడిగిన ప్రశ్న మాత్రం ఉండాల్సిందే.

ఇక బిల్లులు పాస్ చేసే అధికారులు. అయ్యా, అమ్మా, కాంట్రాక్టరు పీఎఫ్ చలానా తెచ్చి ఇస్తాడు. మీరు ఫైల్లో పెడతారు. చలానాలో ఉండేది మొత్తం అంకె. ఎవరెవరి పేరున కట్టారో అందులో ఉండదు. ఒకే చలానా రెండు ఆఫీసుల్లో చూపించే ఘనులున్నారు. దాంతో పాటు ఈసీఆర్ అనే నెలవారీ పీఎఫ్ పట్టిక అడగండి. అందులో మనిషి మనిషికీ పేరు, అంకె ఉంటాయి. మీ హాజరు పట్టీ పక్కన పెట్టి, పేర్లు కలిపి చూడండి. నలభై పేర్లకి అరగంట పడుతుంది. పేరుకి పేరు, రూపాయికి రూపాయి.

చివరగా, పనిచేసేవాళ్లకి. అక్కా, తమ్ముడూ, మీ ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది? ఏజెన్సీ సూపర్‌వైజరు దగ్గరుంటే ఇవాళే తెచ్చుకోండి. జీతం ఖాతాలో పడ్డాక రెండు వేలు తిరిగి తెచ్చివ్వమంటే ఆ రూపాయలకి పేరు లేదు, ఇవ్వకండి. ఇద్దరి వంతు పీఎఫ్ మీ జీతంలోంచే కోస్తుంటే అదీ తప్పే. కాంట్రాక్టరు వంతు కాంట్రాక్టరే కట్టాలి. మీ వంతు మాత్రమే మీది. మరొక్కసారి చెప్తాను. మీ వంతు మాత్రమే మీది.

ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తీసుకోకండి. ఈ పీఎఫ్ నంబరు మీ ఆధార్ లాంటిది. మనిషికి ఒకటే. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. ఏడాదికో నంబరైతే ఆ పదేళ్లు ముక్కలు ముక్కలుగా పడుంటాయి. వాటిని ఒకచోటికి తెచ్చుకోవడానికి మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి.

పాస్‌బుక్కు చూడండి. 15 వేల జీతానికి అందులో మూడు అంకెలు కనపడాలి. మీ వంతు 1,800. కాంట్రాక్టరు వంతులో 550 పీఎఫ్‌కి. మిగతా 1,250 పెన్షన్‌కి. ఒక నెల ఖాళీగా ఉంటే ఆ నెల పేరు రాసుకోండి. ముందు ఏజెన్సీని అడగండి. తర్వాత మీరు పనిచేసే ఆఫీసుకి కాగితం మీద రాసివ్వండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. అప్పటికీ కదలకపోతే పీఎఫ్ ఆఫీసు, కార్మిక శాఖ ఉన్నాయి. ఒక్కరే వెళ్లకండి, పదిమంది వెళ్లండి. పాస్‌బుక్కులో ఆ నెల ఒక్కరికే ఖాళీగా ఉండడం అరుదు.

ఫోన్లో పాస్‌బుక్కు తెరవడం రాకపోతే మిస్డ్ కాల్ ఇవ్వండి. యూఏఎన్‌కి జోడించిన ఫోన్ నుంచే ఇవ్వాలి. నంబరు 99660 44425. రాసుకోలేకపోయినవాళ్ల కోసం ఇంకోసారి, నెమ్మదిగా. 99660... 44425. రెండు రింగులు మోగి అదే కట్టయిపోతుంది. కాసేపటికి మెసేజ్ వస్తుంది. మీకు చదవడం రాకపోతే ఇంట్లో ఏడో తరగతి చదివే పాప ఉంటే చాలు.